ఎర్రబస్సుకి ఎన్ని పేర్లు?

"ఎర్రబస్సెక్కి వచ్చావా?"

ఈ మాట మిమ్మల్ని ఎవరూ అని ఉండకపోతే, మీ బాబాయినో పెద్దనాన్ననో అడగండి. హైదరాబాద్ హాస్టల్లో మొదటి రోజు, కొత్త ఆఫీసులో మొదటి వారం, ఎక్కడో ఒకచోట వాళ్లకి తగిలే ఉంటుంది. నువ్వు పల్లెటూరి వాడివి, నీకేం తెలీదు అని చెప్పడానికి అంతకంటే పొట్టి మాట లేదు మరి. విచిత్రం ఏమిటంటే, ఆ మాట అన్నవాడి నాన్న కూడా ఏదో ఒక రోజు ఆ బస్సు దిగినవాడే.

ఇప్పుడు ఆ తిట్టుకి పదును తగ్గింది. బస్సులకి ఎన్ని రంగులు వేశారో లెక్కలేదు కాబట్టి "ఎర్ర" అనే మాటకే అర్థం పోయింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ, ఇంద్ర, గరుడ, వెన్నెల, అమరావతి, లహరి... పేర్లు చదువుతుంటే పెళ్లికార్డు మీద బంధువుల జాబితాలా ఉంటుంది. అయినా స్టాండులో నిలబడ్డ మనిషి మాత్రం "ఆర్టీసీ వచ్చిందా?" అనే అడుగుతాడు. ఈ వారం ఆ మూడు అక్షరాల గురించే మాట్లాడుకుందాం. ఒక సంస్థ పేరు మారింది, యజమాని మారాడు, రాష్ట్రం మారింది, ఆఖరికి డ్రైవర్ ఎవరి మనిషి అన్నది కూడా మారింది. అయినా దాన్ని అదే సంస్థ అని ఎందుకు అంటున్నాం?

ముందు పుట్టుక సంగతి. 1932 జూన్‌లో, నిజాం కాలంలో, హైదరాబాద్ రాజ్యంలో మొదలైందిది. అప్పటి పేరు చాంతాడంత: నిజాం స్టేట్ రైల్వే - రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్. పేరులోనే ఉంది చూడండి, ఇది బస్సు కంపెనీగా పుట్టలేదు. రైల్వేకి పుట్టిన బిడ్డ. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అంతే. ఇవాళ ఒక మోస్తరు డిపోలో అంతకంటే ఎక్కువ బండ్లు ఉంటాయి. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని హైదరాబాద్‌లో బస్‌భవన్ దగ్గర జాగ్రత్తగా దాచి పెట్టారు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన ఆ బండిని చూస్తే ముద్దొస్తుంది గానీ, అందులో కూర్చుని వరంగల్ దాకా వెళ్లమంటే మాత్రం నా వల్ల కాదు.

బస్సు నంబర్ ప్లేటు మీద "జెడ్" అక్షరం గమనించారా? దాని వెనక ఒక కథ చెప్పుకుంటారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ బస్సులకి తన తల్లి జహ్రా బేగం పేరు పెట్టమన్నారట. ప్రజలెక్కే బండికి ఒక వ్యక్తి పేరు కుదరదంటే, కనీసం ఆమె పేరులోని మొదటి అక్షరమైనా ఉంచమన్నారట. కథ నిజమైనా కాకపోయినా, జెడ్ మాత్రం నిజం. రాజ్యం పోయింది, ప్రభుత్వాలు ఎన్నో వచ్చి వెళ్లాయి, ఆ ఒక్క అక్షరం దశాబ్దాల తరబడి మన రోడ్ల మీద తిరిగింది. రాజుగారి అమ్మ పేరు వెనకాలే లక్షల మంది అమ్మలు సంతకి వెళ్లొచ్చారు.

1951 నవంబర్‌లో ఈ శాఖ రైల్వే నుంచి విడిపోయి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టింది. మీకు తెలిసిన పేరు ఇక్కడ మొదలవుతుంది. ఒక సంగతి గమనించండి: ఆంధ్ర, తెలంగాణ కలిశాక ఏర్పడ్డ ఈ ఉమ్మడి సంస్థకి పునాది తెలంగాణ వైపుది. కోస్తాలో అప్పటికి కథ వేరు. అక్కడ బస్సులన్నీ ప్రైవేటువే. బస్సుకి ఊరి పేరు కాదు, యజమాని పేరు. ఫలానా వారి సర్వీసు వచ్చిందా అని అడిగేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరక్కపోతే, వెనకాల పొయ్యి లాంటిది కట్టి బొగ్గు గ్యాసుతో నడిపిన బస్సులు ఇవే. బొగ్గు బస్సు ఎక్కిన తరం ఇప్పుడు దాదాపు వెళ్లిపోయింది. మీ తాతమ్మ ఉంటే అడగండి, పొగ గురించి చెబుతుంది.

ఈ ప్రైవేటు బస్సుల్ని ప్రభుత్వం తీసుకోవడం అంత తేలిగ్గా జరగలేదు. జాతీయం చేస్తామనగానే కృష్ణా జిల్లా బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు అంటే లా చదివే మీ ఫ్రెండ్ టక్కున చెబుతాడు. యజమానుల అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి. నిర్ణయం చెప్పింది ముఖ్యమంత్రి. వినేది ఒకరు, తేల్చేది ఇంకొకరు అయితే ఇక వినడం దేనికని కోర్టు తప్పుపట్టింది. పైగా ఆ శాఖే స్కీము తెచ్చి, ఆ శాఖే అభ్యంతరాలు వింటే అది న్యాయం ఎలా అవుతుంది? బెజవాడ చుట్టుపక్కల తిరిగే బస్సుల తగాదా దేశమంతా లా కాలేజీల్లో పాఠమైపోయింది.

ఇంకో కేసు ఇంకా పెద్దది. కర్నూలు బస్సు రూట్ల జాతీయకరణలో దురుద్దేశం ఉందన్న ఆరోపణ సుప్రీంకోర్టుకి వెళ్లింది. కోర్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా వ్యాఖ్యలు చేసింది. 1964లో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. అవును, బస్సు రూట్ల మీద ముఖ్యమంత్రి పదవి పోయింది. ఆ సంజీవరెడ్డిగారే 1977లో రాష్ట్రపతి అయ్యారు. ఇప్పుడు ఏదో కోర్టు వ్యాఖ్యకి ఒక ముఖ్యమంత్రి కుర్చీ దిగిపోతాడంటే నమ్ముతారా? సంస్థలే కాదు, సిగ్గు పడే అలవాటు కూడా కాలంతో మారుతుందనిపిస్తుంది.

ఆ తర్వాత మూడు, నాలుగు దశాబ్దాలు ఆర్టీసీ విస్తరించిన కాలం. ఇదే అసలు కథ. దీని గురించి పేపర్లలో పెద్దగా రాయలేదు.

ఊరికి రోడ్డు పడడం, కరెంటు రావడం, బస్సు రావడం. ఈ మూడింటినీ పాతవాళ్లు సంవత్సరాలతో సహా గుర్తుపెట్టుకుంటారు. "చేయి ఎత్తండి, బస్సు ఎక్కండి" అన్నది ఆర్టీసీ నినాదం. స్టాపు ఉందా లేదా అన్న పట్టింపు లేదు, పొలం గట్టు మీంచి చెయ్యి ఊపితే ఆపాలి. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం, టికెట్ వెనకాల కండక్టర్ చిల్లర బాకీ రాసివ్వడం, దిగేటప్పుడు దాన్ని మర్చిపోయి ఇంటికెళ్లాక తల కొట్టుకోవడం, "హోల్డాన్", "రైట్ రైట్"... ఇంగ్లీషు ముక్క రాని ఊళ్లకి కూడా ఈ రెండు మాటలూ కండక్టరే నేర్పాడు.

వీటన్నిటిలోకీ నాకు గొప్పగా అనిపించేది నైట్‌హాల్ట్ బస్సు. మీలో చాలామందికి తెలిసి ఉండదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. డిపో నుంచి సాయంత్రం బయల్దేరిన బస్సు ఏ రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో చివరి ఊరు చేరుతుంది. తిరిగి వెళ్లదు. రచ్చబండ దగ్గరో, బడి ముందో ఆగిపోతుంది. డ్రైవరూ కండక్టరూ బస్సు పైనో, లోపలో, పంచాయతీ ఆఫీసు అరుగు మీదో పడుకుంటారు. తెల్లవారుజామున ఐదింటికి హారన్ కొడితే ఊరు లేస్తుంది. పాల క్యాన్లు, కూరగాయల గంపలు, పట్నంలో కాలేజీకి వెళ్లే పిల్లలు, ఆసుపత్రికి చూపించుకోవాల్సిన ముసలాయన, కోర్టు వాయిదా ఉన్నాయన, అందరూ అందులోనే. ఆ బస్సు తప్పితే ఆ రోజు పోయినట్టే.

ఇది లెక్కల ప్రకారం చూస్తే దండగ. రాత్రంతా బండి ఖాళీగా పడి ఉంటుంది, ఇద్దరు మనుషులకి నైట్ అలవెన్సు, పొద్దున్న ఎక్కేది నలభై మందే. కానీ ఆ నలభై మందిలో పదిమంది ఆడపిల్లలు డిగ్రీ దాకా చదవగలిగారంటే కారణం ఆ బస్సు ఊళ్లోనే పడుకోవడం. రోజూ పొద్దున్నే ఫలానా టైముకి బస్సు ఉంది, సాయంత్రం ఫలానా టైముకి ఇంటికొస్తుంది అనే ధైర్యంతోనే తల్లిదండ్రులు ఆడపిల్లని బయటికి పంపారు. పాస్ ఉంటే డబ్బు గొడవ లేదు. మీ అమ్మ డిగ్రీ చదివి ఉంటే, ఏ బస్సులో వెళ్లేదో ఒకసారి అడగండి.

1999లో ప్రపంచంలోనే ఎక్కువ బస్సులున్న సంస్థగా ఏపీఎస్ఆర్టీసీ గిన్నిస్ పుస్తకానికెక్కింది. మంచిదే. కానీ ఆర్టీసీ అంటే ఇదీ అని నాకు చెప్పేది ఆ సర్టిఫికెట్ కాదు, రచ్చబండ దగ్గర నిద్రపోయే ఆ బండే.

దాని రోజులు ఎలా తగ్గిపోయాయో మీకు తెలుసు. షేర్ ఆటోలు వచ్చాయి. ప్రతి ఇంటికీ బైక్ వచ్చింది. కాలేజీలు సొంత బస్సులు పెట్టుకున్నాయి. జనం తగ్గారని ట్రిప్పు తీసేశారు, ట్రిప్పు లేదని ఉన్న జనం ఆటో ఎక్కారు. ఎవరూ ప్రకటన చేయలేదు, ఎవరూ జీవో ఇవ్వలేదు. పేరు మారినప్పుడు బోర్డులు మారుస్తారు, ఫొటోలు దిగుతారు. ఇలాంటి మార్పులకి రిబ్బన్ కటింగ్ ఉండదు.

ఇంకో మాట. మనకి కోపమొచ్చినప్పుడు మొదట పగిలేది ఆర్టీసీ బస్సు అద్దమే. 1969 నుంచి ఇప్పటిదాకా ఏ ఉద్యమం తీసుకోండి, ఏ బంద్ తీసుకోండి, రాయి పడేది దాని మీదే. ఎందుకంటే మన ఊళ్లో ప్రభుత్వం అంటూ చేతికి అందేది అదొక్కటే. సెక్రటేరియట్ దూరం, ఎమ్మెల్యే దొరకడు, బస్సు మాత్రం టైముకి వస్తుంది కదా! టైముకి వచ్చినందుకు శిక్ష అన్నమాట.

మళ్లీ ఆ ఉద్యమాల్లో బస్సు నడిపేవాళ్లూ ఉన్నారు. 2011 సకల జనుల సమ్మెలో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు బస్సులు ఆపేశారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మరుసటి ఏడాది ఆర్టీసీ నిర్వహణ రెండుగా విడిపోయి, మెల్లగా టీఎస్ఆర్టీసీ నిలబడింది. ఆ తర్వాత 2019 అక్టోబర్ 5న అదే కార్మికులు, ఈసారి సొంత రాష్ట్రంలో, సొంత ప్రభుత్వం మీద సమ్మెకి దిగారు. దాదాపు 48 వేల మంది. గడువులోగా డ్యూటీలో చేరనివాళ్లు తమను తామే డిస్మిస్ చేసుకున్నట్టేనని ప్రభుత్వం అంది. "సెల్ఫ్ డిస్మిస్" అనే మాట మన భాషలోకి అలా వచ్చింది. సమ్మె 52 రోజులు సాగింది. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. చివరికి నవంబర్ 25న విరమించారు, ఆ నెలాఖర్లో మళ్లీ డ్యూటీలో చేరారు.

వాళ్ల ప్రధాన డిమాండ్ ఏమిటో గుర్తుందా? జీతం ఒక్కటే కాదు. మమ్మల్ని ప్రభుత్వంలో కలపండి అన్నారు. ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. కార్పొరేషన్ అంటే అటు ప్రభుత్వమూ కాదు, ఇటు కంపెనీ కూడా కాదు. ఛార్జీ పెంచాలంటే సర్కారు ఒప్పుకోవాలి, నష్టమొస్తే మాత్రం "మీరు సొంత కాళ్ల మీద నిలబడాలి" అంటారు. డీజిల్ రేటు ఎవరి చేతిలోనో, పాసుల రాయితీ ఎవరి మాటో, తిట్లు మాత్రం కండక్టర్‌కి. ప్రభుత్వ ఆఫీసులో పనిచేసే పక్కింటాయనకి ఉన్న భరోసా నాకెందుకు లేదు అని డ్రైవర్ అడిగితే తప్పేముంది?

ఆంధ్రలో ఆ కోరిక తీరింది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వోద్యోగులయ్యారు. కానీ ఏపీఎస్ఆర్టీసీ రద్దు కాలేదు. బస్సులు, డిపోలు, స్థలాలు సంస్థవి. మనుషులు శాఖవాళ్లు. అంటే స్టీరింగ్ ఒకరిది, పట్టుకున్న చెయ్యి ఇంకొకరిది. ప్రభుత్వోద్యోగి అనిపించుకున్న ఆనందం నిజమే. అయితే పాత వైద్య సదుపాయమే బాగుండేదని గొణుక్కునేవాళ్లూ డిపోల్లో ఉన్నారు. కోరుకున్న గుర్తింపు వచ్చేటప్పుడు పాత సౌకర్యాలు కొన్ని చేజారతాయి. అడిగిన రోజున ఆ సంగతి ఎవరూ లెక్క వేయరు.

తెలంగాణలో విలీనం బిల్లు 2023 ఆగస్టులో అసెంబ్లీలో పాసైంది. 2024లో రాష్ట్రం పొట్టి పేరు టీఎస్ నుంచి టీజీకి మారింది, దాంతో సంస్థ కూడా టీజీఎస్ఆర్టీసీ అయింది. పెయింటర్లకి పని దొరికింది.

ఇక్కడొక సరదా సంగతి. కొత్త సినిమా రిలీజైన రోజు మీరంతా వెళ్లే చోటు పేరేమిటి? ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. కటౌట్‌కి పాలాభిషేకం చేసేవాడికి ఆ ఆర్టీసీ ఏ రాష్ట్రానిదో అవసరం లేదు. పేరు ముందు నిజాం వచ్చాడు, ఏపీ వచ్చింది, టీఎస్ వచ్చింది, టీజీ వచ్చింది. ముందు భాగం మారుతూనే ఉంది, తోక మాత్రం ఊడలేదు. జనం నోట్లో నిలిచింది ఆ తోకే. ప్రభుత్వాలు తమ పేరు పెట్టుకునేది ముందు భాగానికి. మన ప్రయాణం ఎప్పుడూ వెనక భాగంలోనే. (ఖాళీ సీట్లు కూడా అక్కడే ఉంటాయి.)

ఇక ఈ మధ్య వచ్చిన అతి పెద్ద మార్పు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి, 2025 ఆగస్టు 15న ఆంధ్రలో స్త్రీశక్తి. మహిళలకీ ట్రాన్స్‌జెండర్లకీ ఉచిత ప్రయాణం. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు, ఆ డబ్బు ప్రభుత్వం సంస్థకి కట్టాలి. దీని మీద వచ్చినన్ని రీల్స్ ఇంకే పథకం మీదా రాలేదేమో. ఎక్కువ భాగం వెక్కిరింతే. సీట్ల కోసం జుట్లు పట్టుకున్నారని, పనీపాటా లేకుండా తిరుగుతున్నారని.

పని లేకుండా తిరిగితే తప్పేమిటో నాకు అర్థం కాదు. మగవాళ్లు సాయంత్రం పూట బైకేసుకుని టీ కొట్టు దగ్గర రెండు గంటలు గడిపేది ఏ పని మీద? పుట్టింటికి వెళ్లాలంటే భర్త దగ్గర యాభై రూపాయలు అడగాల్సిన ఆడమనిషికి, అడగక్కర్లేని రోజు మొదటిసారి వచ్చింది. అది రీల్‌లో కనపడదు. ఇంకో సంగతి: బస్సులో "స్త్రీలకు" అని నాలుగు సీట్ల మీద రాసిన కాలం నుంచి, మగవాళ్లకి కొన్ని సీట్లు కేటాయించండి బాబోయ్ అని అడిగే కాలానికి వచ్చాం. తొంభై ఏళ్లు దాటిన సంస్థలో ఇంత తలకిందుల మార్పు ఇంకోటి లేదు, దీనికి పేరు మార్చే అవసరం కూడా రాలేదు.

మరో వైపు కష్టం కూడా నిజమే. కిక్కిరిసిన బండిలో జీరో టికెట్ కొట్టే కండక్టర్‌కి పని పెరిగింది. బస్సులు అదే లెక్కన పెరగలేదు. డబ్బిచ్చి టికెట్ కొన్నవాడు నిలబడి వెళ్తే విసుక్కుంటాడు. ఆటో నడుపుకునేవాళ్ల గిరాకీ తగ్గింది, వాళ్లూ మన ఊరివాళ్లే. ఒకప్పుడు షేర్ ఆటో వచ్చి బస్సు పొట్ట కొట్టింది, ఇప్పుడు బస్సు తిరగబడింది. మధ్యలో ఇద్దరికీ సర్దిచెప్పాల్సినవాళ్లు చెక్కుల మీద సంతకాలు ఆలస్యం చేస్తే, ఈ పథకం బరువు చివరికి డిపో గ్యారేజీలో పాత టైర్ల మీద పడుతుంది.

ఇక చప్పుడు లేకుండా వస్తున్నది కరెంటు బస్సు. దానికి చప్పుడు ఎలాగూ ఉండదు. తిరుమల ఘాట్‌లో తిరుగుతున్నాయి, హైదరాబాద్‌లో ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నాయి. లోపల చల్లగా, బయట ఆర్టీసీ అని రాసి ఉంటుంది. కానీ చాలాచోట్ల బండి ప్రైవేటు కంపెనీది, డ్రైవర్ ఆ కంపెనీ మనిషి, రిపేర్లూ వాళ్లవే. ఆర్టీసీ కిలోమీటరుకి ఇంత అని చెల్లించి, టికెట్ డబ్బు తీసుకుంటుంది. పాత అద్దె బస్సుల పద్ధతే, కొంచెం నాగరికంగా.

తిప్పి చూస్తే తమాషాగా ఉంటుంది. 1950ల్లో ప్రైవేటు యజమాని చేతిలోంచి బస్సు లాక్కోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాం, ఒక ముఖ్యమంత్రి పదవి పోయింది. ఇప్పుడు యజమాని మళ్లీ వచ్చాడు, ఈసారి బండి మీద తన పేరు రాసుకోకుండా. నేను దీన్ని పూర్తిగా తప్పు అనను. కోట్లు పోసి ఎలక్ట్రిక్ బండ్లు కొనే స్తోమత సంస్థకి లేదు. కానీ ఒక్కటి అడగాలి. కిలోమీటరు లెక్కన డబ్బు తీసుకునే బండి, రాత్రి తొమ్మిదింటికి ఊరి చివర ఆగి, తెల్లవారే దాకా కదలకుండా పడుకుంటుందా? ఒప్పందం కాగితంలో ఆ నిద్రకి రేటు ఎవరు రాస్తారు?

మీ ఊరికి నైట్‌హాల్ట్ ఉండేదా? ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, ఏ డిపో బస్సో, ఎక్కడ ఆగేదో, ఎప్పుడు ఆపేశారో మాకు రాయండి. ఇంకా నడుస్తున్న ఊళ్లు ఉంటే వాటి పేర్లు తప్పకుండా పంపండి. బస్సు పొద్దున్న ఎన్నింటికి బయల్దేరుతుందో కూడా.